దానిమ్మ దండయాత్ర

హైదరాబాద్ శివారు బౌరంపేట్‌లో ఒక ఇంట్లో కీమోథెరపీ మొదలైందని తెలుసుకోవడానికి ఆస్పత్రి ఫైలు చూడనక్కర్లేదు. ఆ ఇంటి చెత్తబుట్టలో దానిమ్మ తొక్కలు ఎన్ని ఉన్నాయో చూస్తే చాలు. మూడో సైకిల్ నాటికి డైనింగ్ టేబుల్ మీద కంచం పెట్టుకునే చోటు మిగలదు. ఔటర్ రింగ్ రోడ్డు దిగి మల్లంపేట మీదుగా వచ్చినా, గండిమైసమ్మ చౌరస్తాలో మలుపు తిరిగి వచ్చినా, ప్రతి కారు డిక్కీలోనూ అదే సరుకు: అనార్, ఖజూర, బీట్‌రూట్, కివీ, కాస్త కలిగినవాళ్లయితే డ్రాగన్ ఫ్రూట్.

చెప్పులు విడవకముందే వైద్యం మొదలవుతుంది.

"దినాం రెండు అనార్లు తినిపియ్యుండ్రి వదినె, పదిహేను దినాలల్ల రక్తం ఎట్ల పడ్తదో సూడుండ్రి." పక్కనున్నామె ఒప్పుకోదు. ఆమె ఓటు ఏబీసీ జ్యూస్‌కు. ఆపిల్, బీట్‌రూట్, క్యారెట్ కలిపి పొద్దున్నే పరగడుపున. మూడో ఆయన ఫోన్ తీసి వీడియో చూపించే రకం. "ఇవన్నీ డాక్టర్లు చెప్పరు బావా, చెప్తే వాళ్ల దుకాణం ఎట్ల నడుస్తది?" అంటాడు. లోపల మంచం మీదున్న మనిషికి కీమో వల్ల నోరంతా పూసి ఉంటుంది. పుల్లటి రసం తగిలితే కళ్లమ్మట నీళ్లు. అవి ఆనందబాష్పాలని అనుకోవడానికి చూడవచ్చినవాళ్లకు అభ్యంతరమేమీ ఉండదు.

ఈ వైద్యానికి ఉన్నది ఒకటే సూత్రం. ఎర్రగా ఉన్నదేదైనా రక్తమవుతుంది. ఆ లెక్కన గుంటూరు మిర్చి యార్డు దేశంలోకెల్లా పెద్ద బ్లడ్ బ్యాంకు కావాలి. బీట్‌రూట్ రసం తాగిన కొందరికి మర్నాడు మూత్రం ఎర్రగా వస్తుంది. ఆ రంగు ఎటు పోయిందో అక్కడే తెలిసిపోతుంది కానీ, సూత్రం మాత్రం చెక్కుచెదరదు.

పోనీ లెక్క వేద్దాం. దానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న బెరిబెరి పరిశోధన విభాగంగా పుట్టి, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. ఆరోగ్యంగా ఉన్న స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని ఐసీఎంఆర్‌తో కలిసి 2020లో ఆ సంస్థే చెప్పింది. వంద గ్రాముల దానిమ్మ గింజల్లో ఉండేది సుమారు 0.3 మిల్లీగ్రాములు. అంటే దానిమ్మతోనే ఆ ఇనుము సంపాదించాలంటే రోజుకు దాదాపు పది కిలోలు తినాలి. పది కిలోల కాయలు కాదు, ఒలిచిన గింజలు. ఒలిచే మనిషికి నెల జీతం విడిగా.

ఆస్పత్రిలో ఎక్కించే ఒక యూనిట్ ఎర్రకణాల్లో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుముంటుంది. దాంతో హిమోగ్లోబిన్ పెరిగేది సుమారు ఒక గ్రాము. అంత ఇనుము దానిమ్మలో వెతికితే దాదాపు 67 కిలోల గింజలు తేలతాయి. తిన్నదంతా ఒంటికి పట్టదు కదా. మొక్కల నుంచి వచ్చే ఇనుములో పదో వంతు పేగు లాక్కుంటే గొప్ప. అప్పుడు లెక్క దాదాపు 670 కిలోలకు చేరుతుంది. రెండు అనార్ల చిట్కా చెప్పినవాళ్లు దయచేసి ట్రాలీ ఆటో కూడా మాట్లాడి పెట్టాలి.

అసలు చిక్కు ఇనుము దగ్గరే ఉందా అంటే, చాలామందిలో అదీ కాదు. ఎర్రకణాలు తయారయ్యేది ఎముక మూలుగలో. త్వరత్వరగా చీలే కణాలను చంపడం కీమో మందు పని. మూలుగలోని కణాలకంటే త్వరగా చీలేవి ఒంట్లో కొన్నే. మందుకు మంచీ చెడూ తెలియదు, రెంటినీ కొడుతుంది. సిస్‌ప్లాటిన్ లాంటి మందులైతే మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. రక్తం తయారుచేయమని మూలుగకు కబురు పంపే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ పుట్టేది అక్కడే. జబ్బు తాలూకు వాపు వల్ల కాలేయం హెప్సిడిన్ అనే మరో హార్మోన్‌ను వదిలి, ఉన్న ఇనుమును గోదాములో పెట్టి తాళం వేస్తుంది. పనివాళ్లు పడిపోయారు, కబురు అందదు, గోదాముకు తాళం. ఆ ఫ్యాక్టరీ గేటు ముందు బంధువులు ముడిసరుకు కుప్పలు పోస్తున్నారు, అదీ ఎర్రరంగు చూసి. కొందరికి రక్తస్రావం వల్ల నిజంగానే ఇనుము తగ్గి ఉండవచ్చు. దాన్ని ఫెరిటిన్ పరీక్ష చెబుతుంది, అవసరమైతే ఇనుమును సెలైన్‌లో ఎక్కిస్తారు. ఫెరిటిన్ ఎంతో అడిగిన చుట్టం మాత్రం ఇప్పటిదాకా బౌరంపేట్ గుమ్మం తొక్కిన దాఖలా లేదు.

రక్తం పెంచే పోషకమంటే కళ్లు మూసుకుని పెట్టేయొచ్చు అనేవాళ్లు మన భీమవరం మనిషి కథ ఒకసారి వినాలి. 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు తోడబుట్టినవాణ్ణి స్ప్రూ జబ్బుకు పోగొట్టుకున్నారు. మనిషిని రక్తహీనతతో పిప్పిచేసే జబ్బు అది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. రక్తహీనతకు ఇంతకు మించిన పోషకం ఏముంటుంది? బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు అదే ఆశతో ల్యుకేమియా పిల్లలకు ఫోలేట్ రకాన్ని ఇచ్చి చూశాడు. జబ్బు ఇంకా పరుగెత్తింది. పోషకం క్యాన్సర్ కణాలకూ పోషకమే అయింది. దాంతో ఆయన దారి మార్చి, ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే మందు అడిగాడు. సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ ఇచ్చింది. పదహారు మంది పిల్లల్లో పదిమందికి కొంతకాలమైనా జబ్బు వెనక్కు తగ్గిందని 1948లో ఫార్బర్ ప్రకటించాడు. దాని వెంటే వచ్చిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ క్యాన్సర్ వార్డుల్లో ఉంది. అది వాడినవాళ్లలో రక్తం తగ్గుతుంది కూడా. రక్తహీనతకు మందునూ, రక్తహీనత తెచ్చే మందునూ ఒకే తెలుగువాడి బృందం తయారుచేసింది. ఏది ఎప్పుడు, ఎంత ఇవ్వాలన్నది అంత సూక్ష్మం. దాన్ని ఇక్కడ హాల్లో సోఫా మీద కూర్చుని, చాయ్ చల్లారేలోపు తేల్చేస్తున్నారు.

డయాలసిస్ చేయించుకునేవాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు ఈ అభిమానం ఇంకా ప్రమాదం. అక్కడా రక్తం తక్కువే, కాబట్టి అక్కడా పండ్ల బుట్టే, పైగా కొబ్బరి బోండాలు. పని చేయని మూత్రపిండం పొటాషియాన్ని బయటికి పంపలేదు. ఖర్జూరం, అరటి, కొబ్బరినీళ్లలో ఉన్నది దండిగా అదే. మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూవచ్చు. స్టార్ ఫ్రూట్ అయితే మూత్రపిండాలు చెడినవారికి విషమే. బలం కోసమని తెచ్చినవాళ్లే ఎమర్జెన్సీ వార్డు బయట "నిన్న మంచిగనే ఉండె గదా" అంటూ నిలబడతారు.

పండు మీద కక్షేమీ లేదు. జామ, ఉసిరి లాంటి వాటిలోని విటమిన్ సి, పప్పులో రాగుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి సాయపడుతుంది. నోట్లోకి ముద్ద దిగని రోజున బాగా కడిగి, ఇంట్లోనే అప్పటికప్పుడు కోసిన రెండు ముక్కలు వరం. తెల్లకణాలు పడిపోయినప్పుడు రోడ్డు పక్క కోసి అమ్మే ముక్కలు మాత్రం వద్దు. పండు పని అంతవరకే. పండుతోనే రక్తం పడేదైతే, ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్ష తోటలకు పేరుమోసిన ఈ మేడ్చల్, శామీర్‌పేట పక్క ఊళ్లకు ఆస్పత్రి మొహం తెలియకూడదు. నగరానికి ఆ చివర గడ్డిఅన్నారంలో ఉన్న పండ్ల మార్కెట్‌ను బాటసింగారం వైపు పంపించి, ఆ స్థలంలోనే టిమ్స్ ఆస్పత్రికి 2022లో శంకుస్థాపన చేశారు. దానిమ్మ వైద్యులకు అది గుండెకోతే.

ఇంకా విడ్డూరం ఏమిటంటే, మూలుగకు నిజంగా కబురందించే మందు దొరికేది ఈ ఇరుగుపొరుగుల్లోనే. డాక్టర్ రెడ్డీస్ సంస్థ బయోలాజిక్స్ కేంద్రం పక్కనున్న బాచుపల్లిలో ఉంది. కీమో వల్లా, మూత్రపిండాల జబ్బు వల్లా వచ్చే రక్తహీనతకు వాడే డార్బెపోయిటిన్‌ను ఆ సంస్థ 2010లోనే క్రెస్ప్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. అది కూడా అందరికీ కాదు. రక్తం గడ్డకట్టే ముప్పూ, క్యాన్సర్ ముదిరే ముప్పూ ఉన్నాయి కాబట్టి, జబ్బును పూర్తిగా నయం చేసేందుకు ఇచ్చే కీమోలో దాన్ని మామూలుగా వాడరు. ఎవరికి పనికొస్తుందో డాక్టరు తేలుస్తాడు. అంత జాగ్రత్తగా లెక్క చూసి ఇచ్చే మందును "ఇంజెక్షన్లు వేడి చేస్తయి" అని ఒక్క మాటతో కొట్టిపారేసి, డ్రాగన్ ఫ్రూట్ ముందుకు జరిపే ధైర్యం చుట్టాలకే సాధ్యం.

వచ్చే ఆదివారం బౌరంపేట్ బయల్దేరేవాళ్లకు ఒక మనవి. దారిలో పండ్ల బండి దగ్గర కాకుండా, ఆ ఇంటివాళ్లు చెప్పిన బ్లడ్ బ్యాంకు దగ్గర ఆగండి. వయసు 18 నుంచి 65 లోపు, బరువు 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే 350 మిల్లీలీటర్లు ఇవ్వొచ్చు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి. ఇచ్చి లేచాక బిస్కెట్ ప్యాకెట్‌తో పాటు పండ్ల రసం డబ్బా చేతిలో పెడతారు. అది మీరే తాగండి.