తుఫాను గీత మీద అరచెయ్యి పెట్టండి

టీవీలో వాతావరణ పటం వచ్చిందంటే ముందుగా చేయాల్సిన పని టీవీకి వీపు తిప్పి కూర్చోవడం. ఈ మాట ఎవరితో అన్నా నన్ను ఎగాదిగా చూస్తారు. బొమ్మ చూడ్డానికే కదా టీవీ పెట్టుకున్నది అంటారు. అయినా నా సలహా మారదు. పటం ఉన్నంతసేపూ చూపు తిప్పేసుకుని, చదివే మాటలు మాత్రం చెవిన వేసుకోండి. "ఒకటి రెండు చోట్ల", "రేపు ఉదయం వరకు", "ఫలానా ఊరికీ ఫలానా ఊరికీ మధ్య" అనేవన్నీ మాటల్లో ఉంటాయి. బొమ్మలోకి వచ్చేసరికి అవి రాలిపోయి ఒక మబ్బు, నాలుగు చినుకులు, ఒక ఎర్ర గీత మిగులుతాయి.

ఆ ఎర్ర గీతతోనే నాకీ పట్టుదల వచ్చింది. 2023 డిసెంబరు మొదట్లో మా బాపట్ల వైపు వరి కోసి పనల మీద ఉంది. బంగాళాఖాతంలో మిచౌంగ్ తుఫాను తయారవుతోంది. ఓ ఛానెల్‌లో పటం మీద గీత గీసి చూపించారు. దాని కొస నెల్లూరు దగ్గర ఒడ్డుకు ఆనింది. మా బాబాయి ఒక్కసారి దానివంక చూసి, "అది నెల్లూరోళ్లకిరా, మనక్కాదు" అన్నాడు. పనలు కుప్ప వేయించడానికి కూలీలకు ఫోన్ చేద్దామనుకున్న మనిషి ఫోన్ పక్కన పెట్టేశాడు. వాతావరణ శాఖ ప్రకటనలో ఉన్న మాటేమో "నెల్లూరు, మచిలీపట్నం మధ్య". ఆ మధ్యలోనే మేమున్నాం. 5వ తేదీ మధ్యాహ్నం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. పనలు నీళ్లలో నానాయి, వారానికి గింజలు మొలకెత్తాయి. శాఖ చెప్పింది తప్పు కాలేదు. "మధ్య" అనే మాటను సన్న గీతగా మార్చేసిన బొమ్మ తప్పింది.

వీపు తిప్పి కూర్చోవడం మీ వల్ల కాకపోతే, లేచి వెళ్లి ఆ గీత మీద అరచెయ్యి పెట్టండి. పిల్లలు నవ్వినా సరే. దీనికి లెక్క ఉంది. మా ఇంట్లోది 40 అంగుళాల టీవీ. రాష్ట్ర పటం తెర నిండా వచ్చినప్పుడు టేపు పెట్టి కొలిచాను. దక్షిణాన తడ నుంచి ఉత్తరాన ఇచ్ఛాపురం దాకా, నిలువునా చూస్తే 40 సెంటీమీటర్లు. నేల మీద ఆ నిలువు 600 కిలోమీటర్లు. అంటే తెర మీద ఒక సెంటీమీటరు నేల మీద 15 కిలోమీటర్లు. ఇటీవలి ఏళ్లలో మన శాఖ 24 గంటల ముందు చెప్పిన చోటికీ తుఫాను కేంద్రం నిజంగా వెళ్లిన చోటికీ తేడా సగటున 75 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటోంది. ఇది చిన్న తేడా. ప్రపంచంలో ఎవరి లెక్కతో పోల్చినా గర్వపడాల్సిందే. కానీ మా తెర మీద అది గీతకు అటు 5 సెంటీమీటర్లు, ఇటు 5 సెంటీమీటర్లు. సరిగ్గా నా అరచేతి వెడల్పు. మూడు రోజుల ముందు గీసిన గీతైతే రెండు చేతులూ పక్కపక్కన ఆనించాలి, ఎందుకంటే తేడా అప్పటికి రెట్టింపు దాటుతుంది. మీ టీవీ పెద్దదైతే చెయ్యి చాలదు, పళ్లెం పెట్టండి. చేతి కింద పడ్డ ఊళ్లన్నీ తుఫాను ఊళ్లే.

శాఖవాళ్లు ఈ పని ఎప్పుడో చేసిపెట్టారు. 2009 నుంచి వాళ్ల పటంలో గీతకు రెండువైపులా గరాటులా విప్పారే మేర కూడా ఉంటుంది. టీవీకి వచ్చేసరికి దాన్ని చెరిపేసి గీతను మాత్రం మెరిపిస్తారు, పక్కన గిరగిరా తిరిగే చక్రం పెడతారు. ఆ గరాటు చెరిపేయడం నా దృష్టిలో చిన్న తప్పు కాదు. మందు సీసా మీది మోతాదు చీటీ చింపేసి సీసా చేతిలో పెట్టడం లాంటిదది.

తర్వాతి సలహా వింటే మీకు కోపం రావచ్చు. తుఫాను ఎక్కడ తీరం దాటుతుందో పట్టించుకోకండి. ముఖ్యంగా తీరానికి దూరంగా ఉన్నవాళ్లు ఆ మాట వినగానే అమ్మయ్య అనుకోవడం మానేయండి. 2024 సెప్టెంబరు 1 తెల్లవారుజామున వాయుగుండం దాటింది శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర. మునిగింది విజయవాడ. బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్లలో పీకల్లోతు నీళ్లు. అటు మున్నేరు ఖమ్మం మీద పడింది. పటంలో సుడి గుర్తు ఉన్న చోటికీ జనం మిద్దెలెక్కి కూర్చున్న చోటికీ మధ్య నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. 2020 అక్టోబరు 13న తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర ఒడ్డెక్కితే, ఆ రాత్రి హైదరాబాద్ పక్కన ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్ల వాన పడింది. మిచౌంగ్ బాపట్లకు రాకముందే, ఇంకా సముద్రంలో ఉండగానే, చెన్నైని రెండు రోజులు నీళ్లలో ముంచింది. గరాటు కూడా కేంద్రం ఎటు వెళ్లొచ్చో చెప్పేదే. వాన ఎంత దూరం విసురుతుందో అందులో ఉండదు. అందుకే కేంద్రం మాట వదిలేసి వాన మాట, నది మాట, వాగు మాట అడగండి. మీ ఊరికి ఎగువన ఎక్కడ కురుస్తోందో తెలుసుకోండి. బెజవాడవాళ్లు ఆకాశం కంటే ముందు మైలవరం వైపు చూడాలి. బుడమేరు నీళ్లు వచ్చేది అటునుంచే కదా.

పటంలో మీ ఊరు వెతుక్కోవడం కూడా మానేయండి. మా టీవీలో మబ్బు బొమ్మ వెడల్పు 5 సెంటీమీటర్లు. దాని కింద విజయవాడ, ఏలూరు రెండూ దాక్కుంటాయి. ఒకప్పటి అనంతపురం జిల్లా విస్తీర్ణం 19 వేల చదరపు కిలోమీటర్ల పైమాట. అంతటికీ కలిపి ఒక్క సూర్యుడి బొమ్మ వేసేవాళ్లు. తాడిపత్రిలో వాన, హిందూపురంలో ఎండ ఉంటే ఆ సూర్యుడు నిజమా అబద్ధమా అని ఎవరు తేలుస్తారు? "ఒకటి రెండు చోట్ల" అనే మాటకు శాఖ దగ్గర కచ్చితమైన కొలత ఉంది. ఆ ప్రాంతంలోని వానమాపక కేంద్రాల్లో నాలుగో వంతు వరకు. "కొన్ని చోట్ల" అంటే సగం వరకు. "అనేక చోట్ల" అంటే ముప్పావు వంతు వరకు. ఒకటి రెండు చోట్ల వాన అన్నారంటే నాలుగు ఊళ్లలో మూడు పొడిగా ఉన్నా చెప్పిన మాట నిజమైనట్టే. మీ వాకిలి తడవలేదని టీవీవాణ్ని తిట్టడానికి అక్కడ చోటు లేదు.

"భారీ" అనేదీ అంతే. రోజుకు 7 నుంచి 11 సెంటీమీటర్లు పడితే భారీ, 12 నుంచి 20 అయితే అతి భారీ, 21, ఆపైన అయితే అత్యంత భారీ. రెడ్, ఆరెంజ్ రంగులు వానను కొలవవు. ఎంత సిద్ధంగా ఉండాలో చెబుతాయి. ఆరెంజ్ అంటే సిద్ధపడమని, రెడ్ అంటే కదలమని. రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరిక సంఖ్యల్లో 11 కూడా ఇలాగే అపార్థం పాలైంది. అది అన్నిటికంటే పెద్ద తుఫాను అని చాలామంది అనుకుంటారు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం.

ఇక ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం కొనండి. రేపటి పటం కంటే నిన్నటి పటం విలువైనది. రేపు ఏం జరుగుతుందో మీకు తెలియదు, నిన్న ఏం జరిగిందో తెలుసు. ఎడమ పేజీలో వాళ్లు చెప్పింది, కుడి పేజీలో మీ ఊళ్లో జరిగింది రాయండి. రాసే వేళ ఉదయం ఎనిమిదిన్నర. మన దేశంలో రోజు వాన లెక్క ముగిసేది ఆ గంటకే. అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి లెక్కేస్తే నిజమైన అంచనా కూడా మీ పుస్తకంలో తప్పుగా కనిపిస్తుంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 2023 జులైలో పడిన 649.8 మిల్లీమీటర్లు కూడా ఒక ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర వరకు కొలిచినవే. పెరట్లో గోడలు నిటారుగా ఉన్న డబ్బా ఒకటి పెట్టి స్కేలుతో కొలిచినా చాలు.

ఫోన్‌లో "60 శాతం వాన" అని వస్తే ఆ రోజు గొడుగు గురించి తేల్చుకుని ఊరుకోకండి, అదీ రాయండి. అలాంటి రోజులు పది పోగయ్యాక చూడండి. ఆ పదిలో ఆరు రోజులు కురిస్తే ఆ యాప్ ఉంచుకోండి. పదికి పది రోజులూ కురిస్తే తీసెయ్యండి. ఇంట్లోవాళ్లు అర్థం కాక నిలదీస్తారు, అన్నిసార్లూ వాన వచ్చింది కదా అని. పదిసార్లూ వచ్చేదానికి వంద అనకుండా అరవై అన్నవాడికి తన లెక్క తనకే తెలియదు. 1950లో గ్లెన్ బ్రయర్ అనే అమెరికా వాతావరణ శాస్త్రవేత్త ఇలాంటి అంచనాలకు మార్కులు వేసే పద్ధతి రాశాడు. ఇప్పటికీ ప్రపంచమంతా దాన్ని వాడుతోంది.

"మా అంచనాలు 95 శాతం నిజం" అని చెప్పుకునేవాళ్లను మాత్రం అసలు నమ్మకండి. 1884లో జాన్ ఫిన్లే అనే అమెరికా సైన్యాధికారి టోర్నడోల మీద తన అంచనాలు 96.6 శాతం సరిపోయాయని చూపించాడు. రోజూ "టోర్నడో రాదు" అని చెబుతూ కూర్చుంటే 98.2 శాతం సరిపోయేదని గిల్బర్ట్ అనే ఆయన లెక్కగట్టాడు. రాయలసీమలో ఫిబ్రవరి నెలంతా "వాన లేదు" అని చెప్పడానికి ఉపగ్రహం అక్కర్లేదు. వానొచ్చే రోజున వస్తుందని ఎన్నిసార్లు అన్నాడన్నదే అడగాల్సిన ప్రశ్న.

ఉపగ్రహ చిత్రంలో తెల్లగా కనిపించేదంతా వాన కాదు. రాత్రిపూట ఆ తెలుపు మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉందో చెబుతుంది. పైన పల్చటి మంచు మబ్బు పరుచుకున్నా తెల్లగానే ఉంటుంది. వాన సంగతి రాడార్‌ను అడగాలి.

పొద్దుటికీ సాయంత్రానికీ మాట మార్చే శాఖనే నమ్మండి. మాట మార్చినవాణ్ని మనం మామూలుగా నమ్మం, వాతావరణంలో మాత్రం తిప్పి నమ్మాలి. ఇవాళ్టి గాలి కొలతలో ఇసుమంత తేడా పోనుపోను ఎంత పెరుగుతుందో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త 1963లోనే చూపించాడు. కొత్త కొలత వస్తే అంచనా మారాలి. తుఫాను సమయంలో శాఖ మూడు గంటలకోసారి కొత్త ప్రకటన ఇస్తుంది. టీవీలో మాత్రం పొద్దుటి పటాన్నే రాత్రి పదింటికి కూడా తిప్పుతుంటారు. పటం మూలన గంట రాసి లేకపోతే అది పాత పేపరుతో సమానం.

అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్నది ఇది. హెచ్చరిక తప్పాలని కోరుకోండి, ఆ కోరికతోనే దాన్ని పూర్తిగా పాటించండి. 2013 నవంబరులో లెహర్ అతి తీవ్ర తుఫానుగా మచిలీపట్నం వైపు వస్తోందన్నారు. 28న ఒడ్డు చేరేసరికి అది వట్టి వాయుగుండంగా నీరసించింది. 2021 డిసెంబరులో జవాద్ ఉత్తరాంధ్రను భయపెట్టి సముద్రంలోనే బలం కోల్పోయింది. రెండుసార్లూ జనాన్ని ఖాళీ చేయించారు, రెండుసార్లూ జనం "అనవసరంగా తిప్పలు పెట్టారు" అన్నారు. పిల్లల్నీ ముసలివాళ్లనీ వెంటేసుకుని, కోళ్లనీ మేకల్నీ వదిలేసి బడిలో నేల మీద పడుకోవడం తిప్పలే, కాదనను. కానీ 1977 నవంబరు 19న దివిసీమలో అలాంటి తిప్పలు పెట్టేవాళ్లు లేకపోయారు. సముద్రం ఊళ్ల మీదికి నడిచొచ్చి పది వేల మందిని మింగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చెప్పిన రోజుకే చెప్పిన విశాఖనే కొట్టింది. అంత పెద్ద నగరం మీద అంత గాలి విరుచుకుపడినా పోయిన ప్రాణాలు పదుల్లో ఉన్నాయి. లెహర్‌కీ హుద్‌హుద్‌కీ హెచ్చరిక రాసే రోజున శాఖవాళ్లకు తెలిసింది ఒక్కలాంటిదే. అందుకే తుఫాను తప్పిపోయిన మర్నాడు శాఖకు ఫోన్ చేసి తిట్టకండి. మీ పుస్తకంలో ఎర్ర సిరాతో "తప్పింది" అని రాసి, పక్కన "వెళ్లాం" అని రాసుకోండి.

2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వచ్చింది. ఛానెళ్లలో గీత కాకినాడ మీద ఉంది. బాబాయి లేచి వెళ్లి దాని మీద అరచెయ్యి ఆనించి చూశాడు. బాపట్ల ఆయన చేతికి అందలేదు. కాసేపు అలాగే నిలబడి, "వాన సంగతేంట్రా?" అన్నాడు. ప్రకటనలో మా జిల్లాకు కూడా భారీ వాన ఉందని చదివి వినిపించాను. ఇంకేం మాట్లాడకుండా పార భుజాన వేసుకుని, చేలో నీళ్లు పోయేలా బోదె తవ్వడానికి వెళ్లాడు.