గీతలు పడ్డ బండిని

నేను కేటీఎం ఆర్‌సీ 390ని. 2015లో పుణె దగ్గరి చాకన్‌లో తయారయ్యాను. 373 సీసీ, ఒకటే సిలిండర్, సుమారు 43 హార్స్‌పవర్. నా మొదటి యజమానికి రోడ్డు కంటే శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాకే ఇష్టం. అక్కడే ఓ మలుపులో జారి కుడివైపు పడ్డాను. ఫెయిరింగ్ గీసుకుపోయింది, ఫుట్‌పెగ్ అరిగింది. చాసిస్ మాత్రం వంగలేదు.

ఆ గీతలతోనే హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ బండ్ల షాపుకు చేరాను. నా పక్కన నీలిరంగు యమహా ఆర్3, 2016 మోడల్. 321 సీసీ, రెండు సిలిండర్లు, బలంలో ఇంచుమించు నాకు సమానం. ఒంటి మీద ఒక్క గీత లేదు. వచ్చినవాళ్లంతా ముందు దాని దగ్గరే ఆగేవారు.

గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే కుర్రాడొకడు మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆఫీసుకూ, అప్పుడప్పుడూ ట్రాక్ డేలకూ ఒకటే బండి కావాలట.

మెకానిక్ ముందు టైర్లు చూశాడు. ఆర్3 టైరు నడుమ చదునుగా అరిగింది, అంటే హైవే మీద తిన్నగా పోయిన బండి. నాది అంచుల దాకా అరిగింది, అంటే మలుపుల్లో వాలిన బండి. తర్వాత హ్యాండిల్‌ను రెండువైపులా చివరిదాకా తిప్పి స్టాపర్లు పరిశీలించాడు. గట్టిగా గుద్దుకున్న బండికి అక్కడ దెబ్బ కనిపిస్తుంది. ఫోర్కుల్లో ఆయిల్ కారుతోందేమో తడిమాడు. ఇంజిన్లు చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాడు. ముందే వేడెక్కించి పెడితే జబ్బులు బయటపడవు మరి.

ఇద్దరినీ నడిపి చూశాక కుర్రాడు ఆర్3 వైపే మొగ్గాడు. దాని సీటు ఎత్తు 780 మిల్లీమీటర్లు, నాది 820. దాని హ్యాండిల్ పైకి ఉంటుంది, వణుకూ తక్కువ. నా హ్యాండిల్ కిందికి ఉంటుంది. ట్రాక్ మీద అదే సుఖం, పంజాగుట్ట ట్రాఫిక్‌లో అదే మణికట్లకు నొప్పి. పైగా ఫ్యాన్ తిరగడం మొదలైతే కాళ్లకు సెగ తగులుతుంది.

"అన్నా, అదే తీసుకుంటా."

"తీసుకో తమ్మీ. కానీ దానికి ఏబీఎస్ లేదు, 2018 మోడల్‌కే వచ్చింది. వానలో గూడ ఆఫీసుకు పోతవ్ గదా? ఇంకోటి, ట్రాక్ మీద పడితే ఇన్సూరెన్స్ నమ్ముకోకు. ఆ ఫెయిరింగ్ మార్చే ఖర్చు నువ్వే పెట్టుకుంటవా?"

మన మోటారు పాలసీల్లో రేసింగ్‌కు, స్పీడ్ టెస్టింగ్‌కు వాడితే వర్తించదని రాసే ఉంటుంది. కుర్రాడు ఆలోచనలో పడ్డాడు. నాకు ఏబీఎస్ ఉంది. ఫెయిరింగ్ ఎలాగూ గీసుకుపోయిందే, ధరా తక్కువే. గీత పడుతుందేమోనన్న భయం మనసులో ఉంటే మలుపులో వాలడం ఎవరికీ అబ్బదు. అన్నీ లెక్కేసుకుని నన్నే కొన్నాడు. మిగిలిన డబ్బుతో నాకు కొత్త టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, తనకు లెదర్ సూట్ తీసుకున్నాడు.

కొనబోయేవాళ్లకు ఒక మాట. రోడ్డు మీదే తిరిగేవాళ్లయితే ఏబీఎస్ ఉన్న ఆర్3 వెతుక్కోండి, నాకంటే సుఖపెడుతుంది. ట్రాక్ కూడా కావాలంటే, పడినా సొంత ఖర్చుతో బాగుచేయించుకోగల బండినే కొనండి. లెదర్ సూట్‌కు డబ్బు మిగలకపోతే మాత్రం ట్రాక్ ఆలోచన వాయిదా వేసుకోండి.