పాకెట్టు టైటండి: ఒక భీమవరపు వాక్యమునకు టీకా తాత్పర్యములు

మూలము: “ఆయ్! ఆ కార్నరు పాకెట్టు కాస్త టైటండి మాస్టారూ, మెల్లగా కొట్టాలండి.”

అవతారిక: భీమవరమున జువ్వలపాలెం రోడ్డు ప్రక్కను, ఒక మందుల దుకాణమునకు మీది యంతస్తులో, గంటకింత యని సొమ్ము పుచ్చుకొని పూల్ ఆడనిచ్చు గది యొకటి కలదు. ముప్పదియేండ్లకు మించి ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి, పిల్లల వీపులను దప్ప వేరొక దానిని గురి చూచి కొట్టి యెరుగని నన్ను, ఇంజనీరింగు చదువుచున్న నా మేనల్లుడు ఒకనాటి సాయంకాలము “ఒక్కసారి ఆడి చూడు మావయ్యా” యని అచ్చటికి వెంటబెట్టుకొని పోయెను. పోయితిని, వంగితిని, నడుము పట్టినను లెక్కచేయక కొట్టితిని. పసుపు బంతి నేను కోరిన మూలకే పోయి, పాకెట్టు దవడలను అటొకమారు ఇటొకమారు తాకి, గుమ్మము దాక వచ్చిన తరువాత ఇది పిలువని పేరంటమని తెలిసికొన్నదానివలె వెనుకకు మరలినది. నేను బల్లవంక నేరము మోపుచూపు చూచి, “ఏమయ్యా, ఈ బల్లలో ఏదో లోపమున్నట్టుందే!” అంటిని. బంతులు పేర్చుటకును, గంటలు లెక్కించుటకును, తగవులు తీర్చుటకును ఆ గదికి మార్కరు ఒక్కడే. అతడు క్యూ కొనకు సుద్ద రాయుచు, తల యెత్తకయే సెలవిచ్చిన వాక్యము పైది.

వ్యాఖ్యాతలలో మేటియైన కోలాచల మల్లినాథసూరి, మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కరలేనిదానిని పలుకననియు ప్రతినబూనిన మహానుభావుడు. మొదటి ప్రతినను నేనును పట్టుచున్నాను. రెండవది నా వంటివానికి సాధ్యము గాదు. మా యింటివారు సాక్షులు.

ఆయ్: ఇది అవ్యయము. గోదావరి నీరు త్రాగినవారికి దీనిని వివరింప నక్కరలేదు, తక్కినవారికి వివరించినను తెలియదు. “అవును” అనునది అంగీకారమును మాత్రమే తెలుపును. “ఆయ్” అనునది అంగీకారమును, మర్యాదను, వినుచున్నానను సూచనను, ఒక్కొక్కప్పుడు వినుటలేదను సంగతిని గూడ ఏకకాలమున తెలుపును. బల్లలో లోపమున్నదని నేనన్న మరుక్షణమున, ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఆ గదిలోని కుర్రవాండ్ర పెదవుల మీద మెదలుచుండగా, ఈ యేకాక్షరప్రాయమైన పదమే నా పరువు నిలిపినది.

ఆ: దూరమునందున్న వస్తువును చూపు మాట. దీని యర్థము పసిపిల్లలకైనను తెలియునని తొలుత తోచును. ఇందొక చిక్కు కలదు, తుదిని చెప్పెదను.

కార్నరు: మూల యని యర్థము. బల్లకు పాకెట్లు ఆరు: మూలలందు నాలుగు, నిడుపు ప్రక్కల నడుమ రెండు. ప్రపంచ పూల్ సమాఖ్యవారి కట్టడి ప్రకారము మూల పాకెట్టు ముఖము 4½ అంగుళములు మొదలు 4⅝ వరకును, నడిమి పాకెట్టు ముఖము 5 మొదలు 5⅛ వరకును ఉండవలెను. అరయంగుళము వెడల్పు గనుక నడిమిదే సులువని పూర్వపక్షము. అది నిలువదు. మూల పాకెట్టు రెండు గోడల సంధిని, బల్లనంతటిని కలయ జూచుచు కూర్చున్నది గాన, బంతి ఎచ్చటినుండి వచ్చినను దానికి కొంతలో కొంత ఎదురుగనే వచ్చును. నడిమిది గోడలోని తలుపు వంటిది. ఎదుట నిలిచినవానికి నిండు ద్వారము, ప్రక్కకు జరిగినకొలది సన్నని సందు. మన గునుపూడి సోమేశ్వరుని లింగము పున్నమికి తెల్లనై అమావాస్యకు వన్నె మారునని ప్రసిద్ధి గదా. ఈ పాకెట్టును ఉన్నచోటనే యుండి వృద్ధిక్షయములు పొందును. ఎదురుగా 5 అంగుళములు. 45 డిగ్రీల వాలున నించుమించు 3½. 30 డిగ్రీలకు దిగినచో 2½. పూల్ బంతి వ్యాసము 2¼. ఇక మిగిలినది పావు అంగుళము. అది అమావాస్య.

పాకెట్టు: సంచి, కోశము. పూర్వము బల్ల మూలలకు వలసంచులు వ్రేలాడుచుండ బంతులు వానిలో పడి నిలుచుచుండెడివి. స్నూకరు బల్లలకు నేటికిని అవి కలవు. పూల్ బల్లలలో పెక్కింటికి సంచులు పోయి, బంతులు లోలోపలనే దొర్లిపోవు దారులు ఏర్పడినను పేరు మాత్రము పోలేదు. ఇచ్చట శ్లేషయు కలదు. ఆడువాని చొక్కా జేబు రెండవ యర్థము. బల్ల పాకెట్టు ఎంత బిగువైన ఆట అంత సాగును, ఆట సాగినకొలది గంటలు పెరుగును, గంటలు పెరిగినకొలది రెండవ పాకెట్టు వదులగును. మార్కరు ఈ రెండవ యర్థము నెరిగియే పలికెనా యను ప్రశ్నకు, గది యజమాని సమ్ముఖమున సమాధానము చెప్పుట భావ్యము కాదు.

కాస్త: ఈ వాక్యమునకు ప్రాణమీ పదము, చదువరి ఇచ్చట తొందరపడరాదు. 5 అంగుళముల పాకెట్టును 4 అంగుళములకు కుదించినచో అయిదవ వంతు తగ్గినదని గుమాస్తా లెక్క. ఎకరమునకు ఇన్ని బస్తాలని కౌలు కట్టిన రైతు నడిగి చూడుడు, పంట అయిదవ వంతు తగ్గినచో తనకు తగ్గునది అయిదవ వంతేనా యని! కౌలు బస్తాలు కదలవు. తరుగు సమస్తమును అతని గాదెలోనే పడును. బంతియును అట్టి భూస్వామియే. పాకెట్టు ఎంతదైనను తన 2¼ అంగుళములను ముందుగా కొలిపించుకొనును. మనకు మిగులునది, అనగా తప్పు కొట్టియు తప్పించుకొనుటకు మనకు గల చోటు, 2¾ నుండి 1¾కు దిగును. మూడవ వంతుకు మించి పోయినది. కాబట్టి ముఖములో తరిగినది “కాస్త”యే యైనను, ఆటలో తరిగినది కాస్త కాదు.

ఈ సందర్భమున మన యరుగుల మీది క్యారమ్ బోర్డును స్మరింపకుండుట కృతఘ్నత. దాని రంధ్రము వ్యాసము 4.45 సెంటీమీటర్లు, కాయ వ్యాసము 3.18కి మించదు, అనగా రంధ్రము కాయకన్న నూటికి నలుబది వంతులు మాత్రమే పెద్దది. పూల్ బల్ల మూలయో, బంతికి సరిగ్గా రెట్టింపు. ఈ లెక్కన, వేసవి సెలవులలో పిండి చల్లి క్యారమ్సు ఆడి పెరిగిన మన పిల్లలకు పూల్ బల్ల వీధి గుమ్మమువలె తెరచుకొని కనబడవలెను. అట్లు కనబడదు, ఏల? క్యారమ్ రంధ్రమునకు దవడలు లేవు. అది నున్నని నేలలోని నుయ్యి. అంచు దాటిన కాయకు వెనుకకు త్రోవ లేదు. పరిమాణమున కఠినము, ఆకారమున దయామయము. ఆ దయ యెంతటిదనగా, 4.13 సెంటీమీటర్ల స్ట్రైకరును సైతము 3 మిల్లీమీటర్ల సందుతో కడుపులో పెట్టుకొనును. ఆడువానికి కావలసిన కాయ బయటనే నిలిచి, పడగూడని స్ట్రైకరు పడి, లోపల వేసిన కాయను బయటికి తీయవలసి వచ్చుట ఏ క్యారమ్సు ఇంటికిని క్రొత్త గాదు.

టైటు: బిగువు. ఇది వెడల్పుకు సంబంధించిన మాట యని పామరులు తలతురు. పూల్ పాకెట్టు గుట్టు వెడల్పులో సగము, ఆకారములో సగము. బల్ల అంచున నుండు రబ్బరు గోడకు కుషను అని పేరు; దాని కొసలను ఏటవాలుగా కోయగా నేర్పడిన రెండు దవడలు పాకెట్టుకు ఇరుప్రక్కల నుండును. మూలయందు ఈ కోత, కుషను అంచునుండి కొలిచినపుడు, 135 డిగ్రీలైనచో దవడలు రెండును సమాంతరములై ముఖమెంతయో గొంతును అంతయే యగును. కట్టడి ప్రకారము అది 142. ఒక డిగ్రీ హెచ్చుతగ్గులకు సెలవు. అనగా ఒక్కొక్క దవడ ఏడేసి డిగ్రీలు లోనికి వాలి, గొంతు ముఖముకన్న సన్నగిలును. నడిమి పాకెట్టునకు సమాంతరము 90 డిగ్రీలు, కట్టడి 104. అచ్చట వాలు పదునాలుగేసి.

పంటబోదెలలో చేపలు పట్టు వెదురు మావును చూచినవారికి ఈ యాకారము పరిచితమే. ముఖము వెడల్పు, గొంతు ఇరుకు. చేప సులువుగా దూరును, వెలికి రాలేదు. అదే యాకారము పాకెట్టునకు వచ్చునప్పటికి ఫలము తలక్రిందులగుట నన్ను ఆశ్చర్యపరచిన సంగతి. ముఖము వెడల్పు, గొంతు ఇరుకు. బంతి దూరినట్లే దూరి వెలికి వచ్చును. చేప తనంతట తాను ముందునకు ఈదును గాన వాలుగోడలు దానిని లోనికి నడిపించును. బంతికి ఇచ్ఛ లేదు, ఎగురుడు మాత్రమే కలదు. వాలుగోడ దానిని ఎదుటి దవడ మీదికిని, ఆ దవడ తిరిగి బల్ల మీదికిని విసరును. ఒకే రూపము జీవమునకు ఉచ్చు, జడమునకు విడుదల.

గొంతు దాటినను కథ ముగియదు. దవడల ముఖరేఖకును, బట్ట క్రింది రాతిపలక తెగి లోయ మొదలగు చోటుకును నడుమ కొంత చదును కలదు. దానిని నేను అరుగు అనెదను. ఇంతకన్న తగిన తెలుగు మాట దొరకదు. మూలలందు ఈ యరుగు 1 అంగుళము మొదలు 2¼ వరకు ఉండవచ్చును; నడిమి పాకెట్లకు ⅜ అంగుళమునకు మించరాదు. అరుగు లోతైనకొలది బంతి దవడల నడుమ అంత దూరము నడువవలెను, అంతసేపు తడబడవలెను. తుదకు ఇంటిలోనికి పోక, వీధిలోనికి రాక, భోజనమునకు లెమ్మనువారికై ఎదురుచూచు చుట్టమువలె అరుగుపైననే కూలబడును. ఒకే ముఖము గల రెండు బల్లలలో ఒకటి వదులనియు, ఒకటి బిగువనియు పేరుపడుటకు సగము కారణము ఈ యరుగే.

స్నూకరు మాట యెత్తకుండ ఈ పదమును దాటినచో పెద్దలు క్షమింపరు. అది మన దేశమునకు ఆడపడుచు వంటి ఆట. 1875లో జబల్పూరు దండులోని సైనికోద్యోగి నెవిల్ చేంబర్లేన్ (తరువాత బ్రిటనుకు ప్రధానియైన ఆ పేరుగలవాడు కాడు, వేరొకడు) దానిని కల్పింపగా, ఊటీ క్లబ్బులో దాని నిబంధనలు కుదురుకొన్నవి. నాడు ఊటీయు, భీమవరమును ఒకే చెన్నపురి రాజధానిలోనివి గాన, మనకును అందులో పిసరంత వాటా కలదని వాదింపవచ్చును, నేను వాదించుచున్నాను. స్నూకరు బంతి 52.5 మిల్లీమీటర్లు, బల్ల పండ్రెండడుగులు, మూల పాకెట్టు ఇంచుమించు 3½ అంగుళములు. అచ్చటి దవడలు పూల్ బల్లవలె తిన్నగా కోసినవి గాక, గుండ్రముగా వంచినవి. తిన్నని దవడకు కోణమొకటి యుండును గాన కొసను ఒరసికొన్న బంతి బ్రతికి బయటపడి లోపల పడుట కలదు; గుండ్రని భుజమును ఒరసికొన్న బంతి మాత్రము జారి ప్రక్కకే పోవును. 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూరు బిలియర్డ్సు విజేతయై, ప్రపంచ విజేత యనిపించుకొన్న తొలి భారతీయ క్రీడాకారుడైన విల్సన్ జోన్సు మెలగినది ఇట్టి భుజముల నడుమనే.

అండి: వివరణ మనావశ్యకము. పశ్చిమగోదావరిలో ఇది లేని వాక్యము అసంపూర్ణము.

మెల్లగా: ఇది క్రియావిశేషణము, వైద్యుడు రోగమును చెప్పి మందును చెప్పినట్లు, టైటన్న నోటితోనే మార్కరు పలికిన ఔషధము. వేగముగ వచ్చు బంతికి పాకెట్టు చిన్నది, మెల్లగ వచ్చు బంతికి అదియే పెద్దది. వేగమైనది దవడ రబ్బరును తాకి బలముతో ఎదుటి దవడకు ఎగురును, అచ్చటినుండి వెలికి. మెల్లనిది తాకుటతోనే తన కొద్దిపాటి బలమును రబ్బరునకు సమర్పించి, ఓపిక లేక లోయలోనికి ఒరిగిపోవును. కుషనును ఆనుకొని దొర్లించు బంతుల విషయమున ఇది మరింత నిజము. అవి దూరపు దవడను తాకకుండ లోనికి పోవుట అరుదు. అట్లని మరీ మెల్లగా కొట్టినచో అరుగున్నది. దీనికి తోడు మన వానకాలపు గాలి యొకటి. చుట్టును చెరువులు, రొయ్యల గుంటలు. ఆ తేమను పీల్చి బల్ల మీది బట్ట బరువెక్కి బంతి కాళ్లీడ్చును. పెద్ద స్నూకరు పోటీలలో రాతిపలక క్రింద వేడి పెట్టి ఈ తేమను ఆర్చుదురు. మా గదిలో ఆ పనిని నడినెత్తిన తిరుగు పంకాకు అప్పగించినారు. అది తేమను ఆర్చుట మాని అటునుండి ఇటు పంచిపెట్టుచున్నది.

కొట్టాలండి: కొట్టవలెను. ఇచ్చట నా మేనల్లుడు పాఠాంతరము చెప్పుచున్నాడు: మార్కరు “చూసి కొట్టాలండి” అనెననియు, “మెల్లగా” యనునది నా పరువు కొరకు నేను చేర్చిన ప్రక్షిప్తమనియు. వాని సాక్ష్యము గ్రాహ్యము కాదు. వాడు నవ్వుచు చెప్పినాడు.

ఇక “ఆ” సంగతి. ఇంత వ్రాసిన పిదప, మూలమునకు ప్రమాణము చూపనిదే వ్యాఖ్య పూర్తి కాదని, మా యింటిలో కుట్టుమిషను సొరుగునందలి టేపును తీసికొని మరల ఆ గదికి పోయి, బల్ల ఖాళీగా నున్న సమయము చూచి నాలుగు మూలలను కొలిచితిని. నేను తప్పిన మూల 4½ అంగుళములు. దాని యెదుటిది 4½. తక్కిన రెండును 4½. ముఖములయందే గాక గొంతులలోను, అరుగులలోను దారపు వాసి తేడా యైనను కానరాలేదు. ఏ మూల టైటని మార్కరు సెలవిచ్చెనో, దానిపై నేను ఇన్ని డిగ్రీలు, ఇన్ని అంగుళములు పేర్చి కట్టిన మేడ యంతయు ఏ పునాదిపై నిలిచినదో తెలియక, ప్రక్క బల్లకు చేరగిలబడి, లెక్కలు వ్రాసిన కాగితమును తిప్పి తిప్పి చూచుచుంటిని.

ఇంతలో కాలేజీ కుర్రవాడొకడు వచ్చి, అదే బల్ల మీద, నేను తప్పినదానికి ఎదురు మూలకు, చొక్కా చేయి చిరుగునంత బలముతో కొట్టెను. బంతి దవడలను అటొకమారు ఇటొకమారు తాకి మరలినది. వాడు బల్లవంక నాడు నేను చూచిన చూపే చూచెను. మార్కరు సుద్ద రాయుచు, తల యెత్తకయే పలికెను: “ఆయ్! ఆ కార్నరు పాకెట్టు కాస్త టైటండి బాబూ, మెల్లగా కొట్టాలండి.”

కావున ‘ఆ’ యనగా, ఎవనికి ఏది తప్పినదో అది. “మాస్టారూ” యను చోట “బాబూ” యనుట పాఠభేదము మాత్రమే.

నేను టేపును అతని ముందు చాచి, “నాలుగు మూలలూ ఒక్కలాగే ఉన్నాయి కదయ్యా?” అని అడిగితిని.

“ఆయ్” అనెను.