కవరులో ఉన్నదే జవాబు

పేరు బ్రహ్మది, కాపురం శివుడిది (4).

ఈ ఆధారం ఇస్తే ఆలంపూర్‌లో పుట్టిన పిల్లవాడు పెన్సిల్ చెక్కుకునేలోపే ‘నవబ్రహ్మ’ అని నింపేస్తాడు. ఏడో శతాబ్దం నాటికే బాదామి చాళుక్యులు ఇక్కడ గుళ్ళు కట్టడం మొదలుపెట్టారు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. తొమ్మిదీ బ్రహ్మ పేర్లే, తొమ్మిదీ శివుడి కోసం కట్టినవే. ఇంత గడుసు ఆధారం ఇప్పటి ఆదివారం అనుబంధాల్లో వెతికినా దొరకదు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయమైతే శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని రాయి రాయి ఊడదీసి, ఈ ఊరికి తెచ్చి మళ్ళీ పేర్చారు. పజిల్ భాషలో చెప్పాలంటే ‘అక్షరాలు చెదిరాయి, సరిచేసుకోండి’.

శాసన పరిశోధకుడు గడియారం రామకృష్ణ శర్మదీ ఈ ఊరే. ఆయన ఆత్మకథ ‘శతపత్రము’కు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. రాతిమీద అరిగిపోయిన అక్షరం ఏమై ఉంటుందో తేల్చడం ఆ వృత్తిలో రోజువారీ పని. అక్కడ జవాబులు వచ్చే ఆదివారం కూడా రావు.

అలాంటి ఊళ్ళో గళ్ళు నింపేవాళ్ళకు కొదవేముంటుంది? ఆదివారం పొద్దున టీ హోటల్లో పేపరు ఒకటే ఉంటుంది, చేతులు ఆరు. రాశిఫలాలు ఒకరు, క్రికెట్ ఒకరు పంచుకున్నాక మిగిలిన ముక్క దగ్గర ఇద్దరు కూర్చుంటారు. ఒకాయన రిటైర్డ్ పంతులు, పెన్సిల్ మనిషి. రెండో ఆయన పెన్ను మనిషి. ప్రపంచంలో గళ్ళు నింపేవాళ్ళు ఈ రెండు కులాలుగానే పుట్టారు, వాళ్ళ మధ్య పొత్తు కుదిరిన దాఖలా లేదు.

‘రోగులు వెళ్ళే చోటు (4)’ అని ఉంది. పెన్ను మనిషి ‘దవాఖాన’ అని ఒక్క ఊపులో దిగ్గొట్టాడు. నాలుగు గళ్ళు, నాలుగు అక్షరాలు. చివరి గడి దగ్గర నిలువు ఆధారం ‘చీకటి వెంట వచ్చేది (2)’. పంతులు రాత్రి అంటాడు. రాత్రి కింద ‘న’ ఉంది.

“ఆసుపత్రి రాయాల్నయ్యా, ‘త్రి’తో కలుస్తది.”

“యాడ సార్ ఆసుపత్రి? మనూర్ల ఉన్నది దవాఖాననే గదా.”

ఆ మాటకు పంతులు దగ్గర జవాబు లేదు. ‘వైద్యశాల’ కూడా నాలుగే గళ్ళని గుర్తొచ్చి ఆయన ఇంకొంచెం కుంగాడు. పజిల్ కూర్చినవారికి దవాఖాన తెలియదని అనుకోనక్కర్లేదు. తెలిసినా ఆయన గళ్ళలో సడక్ ఉండదు, పుంటికూర ఉండదు. గోంగూర మాత్రం మూడు గళ్ళలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది.

ఇంకో బాధ ‘స్త్రీ (2)’. ఇంతి, నాతి, చాన, లేమ, కొమ్మ. అన్నీ పడతాయి. వీటిలో ఏ ఒక్కటైనా పెట్టి జోగులాంబ గుడి క్యూలో ఒకావిడను పిలిచి చూడండి, తర్వాత మీరు వెళ్ళేది దవాఖానో ఆసుపత్రో తేలిపోతుంది. ‘తెనాలి వాడు, ఎటు చదివినా (5)’ అనేది మరీ అన్యాయం. అది కనిపించగానే చదవకుండానే ‘వికటకవి’ అని నింపి ముందుకు పోవడం తెలుగువారి కండరాలకు అలవాటైంది.

పొల్లు సంగతి వేరే కథ. ఆలంపూర్‌లో చివరి ‘ర్’కు సొంత గడి ఇస్తారా, ‘పూ’ ఇంట్లోనే ఇరికిస్తారా అన్నది కూర్పరి దయ. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో కూడా గది పంపకం మీద ఇంత గొడవ ఉండదు.

ఇన్ని తిట్టుకుంటూ మళ్ళీ వారం ఎందుకు కూర్చుంటారంటే, ‘తీగ తిరగబడితే టోపీ పెట్టుకోవచ్చు (2)’ లాంటిది ఒకటి తగులుతుంది కనుక. తీగ అంటే లత. తిప్పితే తల. ఆ ఒక్క క్షణం పంతులు ముఖం చూడాలి. పెన్షన్ పెరిగిన రోజు కూడా అంత వెలగలేదు.

ఈ పిచ్చికి మూలపురుషుడు ఆర్థర్ విన్. లివర్‌పూల్‌లో పుట్టి న్యూయార్క్ చేరాడు. 1913 డిసెంబర్ 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో వజ్రం ఆకారంలో మొదటి పజిల్ అచ్చువేశాడు. 1924కి అమెరికా అంతా పెన్సిళ్ళు నములుతుంటే ‘న్యూయార్క్ టైమ్స్’ ఇదంతా పాపిష్టి కాలహరణమని ఈసడించింది. ఆ పాపం తానూ మూటగట్టుకోవడానికి దానికి 1942 దాకా పట్టింది. బ్రిటన్‌లో ఇంకా ముదిరింది. 1944లో నార్మండీ దాడికి ముందు వారాల్లో ‘డైలీ టెలిగ్రాఫ్’ పజిల్ జవాబుల్లో యూటా, ఒమాహా, ఓవర్‌లార్డ్, మల్బరీ, నెప్ట్యూన్ వరసగా వచ్చాయి. అన్నీ ఆ దాడి రహస్య సంకేతాలే. కూర్చిన లెనార్డ్ డా అనే హెడ్‌మాస్టరును గూఢచారి శాఖ వచ్చి ప్రశ్నించింది. మనకా బెడద లేదు. మన రహస్యాలు గళ్ళ దాకా రాకముందే వాట్సాప్‌లో తిరిగొస్తాయి.

మన దేశంలో సర్కారుకు వచ్చిన బెంగ వేరు. ఒకప్పుడు క్రాస్‌వర్డ్ అంటే డబ్బు. ఒక్కో ఖాళీలో రెండు మాటలు, ఒక్కోసారి మూడు కూడా చక్కగా పడేవి. వాటిలో నిర్వాహకుడి దగ్గర సీలువేసిన కవరులో ఉన్నదే ‘సరైన’ జవాబు. ఎంట్రీ ఫీజు కట్టిన మేధావులు నిఘంటువులు తిరగేసేవారు, కవరు మాత్రం నిఘంటువు చూసేది కాదు. చివరికి 1955లో పార్లమెంటు బహుమతి పోటీల చట్టం తెచ్చి, నెలకు బహుమతుల మొత్తం వెయ్యి రూపాయలు, ఎంట్రీలు రెండు వేలు దాటరాదంది. ఆ చట్టాన్ని సవాలు చేసిన చమర్‌బాగ్‌వాలా కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. గెలుపు చాలావరకు తెలివిమీద ఆధారపడే పోటీల జోలికి ఈ చట్టం రాదని, అదృష్టం మీద నడిచేదైతే అది జూదమేనని 1957లో కోర్టు తేల్చింది. తెలుగు పజిల్ ఈ రెంటిలో ఏ గట్టున ఉందో దవాఖాన రాసిన ఆయన్ను అడగాలి.

తెలుగులో ఈ విద్యకు గురుపీఠం వేసినవారిలో శ్రీశ్రీ ఉన్నాడు. ఆయన ‘పదబంధ ప్రహేళిక’, ఆరుద్ర ‘గళ్ళ నుడికట్టు’ ఒక తరం బుర్రలను పిప్పి చేశాయి. మహాకవులిద్దరూ మరో ప్రపంచపు పని కాస్త పక్కనపెట్టి అడ్డం నిలువులు పేర్చారంటే ఇది ఆషామాషీ వ్యసనం కాదు. ఆ శ్రీశ్రీ 1953లో ఆలంపూర్ వచ్చాడు. కాళోజీ ‘నా గొడవ’ను ఆవిష్కరించింది ఇక్కడే.

అయితే ఆయన వచ్చింది ఏ జిల్లాకు? పజిల్ ఇక్కడే బిగుస్తుంది. అప్పుడు ఆలంపూర్ హైదరాబాద్ రాష్ట్రంలో, రాయచూరు జిల్లాలో ఉంది. 1956లో గద్వాలతో పాటు మహబూబ్‌నగర్‌కు మారింది. 2016 అక్టోబర్ 11న జోగులాంబ గద్వాల జిల్లా అయింది. ఊరు అడుగు కదల్లేదు. ‘ఆలంపూర్ జిల్లా (7)’ అని ఆధారమిస్తే జోగులాంబ గద్వాల ఏడు గళ్ళలో సరిపోతుంది. పొల్లులకు వేరే గదులిస్తే మహబూబ్‌నగర్ కూడా సరిగ్గా ఏడే. పంతులు సర్వీసు రిజిస్టరులో ఒకటి, మనవడి సర్టిఫికెట్‌లో ఒకటి.

తుంగభద్ర దాటితే కర్నూలు. వాళ్ళ కష్టం ముందు ఇది ఏపాటి? 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని, మూడు గళ్ళు. మూడేళ్ళకే హైదరాబాదు, ఐదు గళ్ళు. తర్వాత అమరావతి, ఐదు గళ్ళు. అడ్డంగా కలిసే అక్షరం తేలుస్తుందేమోనని చూస్తే రెండింటికీ మధ్య గడి ‘రా’యే. 2019 చివర్లో మూడు రాజధానులన్నారు. విశాఖపట్నం, అదీ ఐదే! కర్నూలుకు హైకోర్టు అన్నారు. 2021లో మూడు రాజధానుల చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. అప్పటికే అమరావతి రైతులు రాజధాని కోసం ఇచ్చిన 33 వేల ఎకరాల పైచిలుకు భూమితో ఆ గళ్ళను పెన్నుతో నింపేసి ఉన్నారు. ఇది నైపుణ్యమా, జూదమా అని 1957 నాటి న్యాయమూర్తులను లేపి అడగలేం.

చేయి తిరిగిన కూర్పరులు అందుకే జిల్లాల జోలికీ రాజధానుల జోలికీ పోకుండా ‘ఏనుగు (2)’ ఇచ్చి ఊరుకుంటారు. కరి, దంతి, ఇభం మూడూ పడతాయి, కవరులో ఏదుందో వచ్చే ఆదివారం చూసుకోవచ్చు. గజం కూడా పడుతుంది. అయితే మొన్న పెన్ను మనిషి ఆ మాట రాస్తుంటే పక్క బల్ల ఆయన టీ గ్లాసు దించి అడిగాడట: “యాడ? ఎంత చెప్తున్నరు?”