మత్తులో పెట్టిన డబ్బు

మత్తు లేకుండా ఆపరేషన్ లేదు, ఆపరేషన్ జరగని రోజు ఈ దేశంలో లేదు, కాబట్టి మత్తుమందు చేసే కంపెనీకి నష్టమన్నది రాదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన నేను సొంతంగా కనిపెట్టిన సూత్రం ఇది. ఎలమంచిలిలో టీ కొట్టు దగ్గర దీన్ని ఎంతమందికి వినిపించానో లెక్కలేదు. ఒక్కరూ కాదనలేదు. మేష్టారికి ఎదురు చెప్పే అలవాటు మా ఊరికి ఇంకా రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

ఈ సూత్రం నాకు విశాఖపట్నంలో ఒక ఆస్పత్రి వరండాలో తట్టింది. 2021లో, కరోనా రెండో వేవ్ తగ్గాక, మా ఆవిడకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్. లోపల ఆవిడ, బయట మందుల బిల్లుతో నేను. ప్రొపొఫాల్, అట్రాక్యూరియం, సెవోఫ్లూరేన్. ఒకటి నిద్రపుచ్చేది, ఒకటి కండరాలు సడలించేది, మూడోది ఆపరేషన్ అయ్యేదాకా ఊపిరితో పాటు లోపలికి పంపేది. దేశంలో ఎన్ని థియేటర్లు, రోజుకెన్ని సీసాలు అని కూర్చుని లెక్క కట్టాను. ఆవిడకి మెలకువ వచ్చేసరికి నేను కోటీశ్వరుణ్ణి.

ఆ బిల్లులోనే నాకు పాఠం ఉంది, చదవలేదు. మత్తు డాక్టరు ఫీజు, థియేటర్ చార్జీ, గది అద్దె పక్కన ఆ మందుల ఖరీదు చిల్లరే. పైగా ఆవిడ ఆపరేషన్ అంతకు ముందు ఏడాదే జరగాలి. లాక్‌డౌన్లో వాయిదా పడింది. ఆపరేషన్ ఆగదన్నవాడి ఇంట్లోనే ఆపరేషన్ ఏడాది ఆగింది.

చిత్రమేమిటంటే, ఆ ఏడాది ఏప్రిల్లోనే నేను ఇతరుల తెలివితక్కువతనానికి పగలబడి నవ్వాను. మన విశాఖ స్టీల్ ప్లాంటు నుంచి ఆక్సిజన్ ట్యాంకర్లు రైలెక్కి మహారాష్ట్రకి వెళ్లిన రోజులవి. బాంబే ఆక్సిజన్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే కంపెనీ షేరు కొన్ని వారాల్లో 10,000 రూపాయల దగ్గర నుంచి 24,000 దాటింది. తీరా చూస్తే ఆ కంపెనీ గ్యాస్ వ్యాపారం 2019లోనే మానేసింది, షేర్లూ ఫండ్లూ కొని పెట్టుకోవడమే దాని పని. పేరులో ఆక్సిజన్ ఉందని జనం ఎగబడ్డారు. పేరు చూసి కొనేవాడు ఎంత వెర్రివాడో అని మా ఆవిడకి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. నేను పేరు చూసి కొనలేదు. బిల్లు చూసి కొన్నాను.

కొన్నది పెద్ద కంపెనీనే. పేరు చెప్పను, దాని తప్పేమీ లేదు. గ్రాట్యుటీలో మేడ మీద గదికని దాచిన భాగం అటు వెళ్లింది. సోషల్ మేష్టార్ని కదా, చరిత్ర కూడా తోడు తెచ్చుకున్నాను. మత్తు మన తెలుగునేల సొత్తు అనుకున్నాను. 1888లోనూ 1889లోనూ హైదరాబాదులో క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ నడిపించాడు, ఆరో నిజాం సర్కారు డబ్బిచ్చింది. రెండోదానికి లండన్ ‘లాన్సెట్’ పత్రిక తన మనిషిగా లాడర్ బ్రంటన్‌ని పంపడానికి వెయ్యి పౌన్లు కూడా సర్కారే ఇచ్చింది. ప్రపంచంలో మొదటి మహిళా మత్తు డాక్టరుగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ ఊరిదే. నిజామే పెట్టగా లేనిది నేను పెడితే ఏం?

నిజాం పెట్టుబడికి ఏమైందో కూడా నాకు తెలుసు, క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫాంతో ముందు ఊపిరే ఆగుతుంది, గుండెకి భయంలేదు, ఊపిరి చూసుకుంటే చాలని తేల్చారు. 1911 ప్రాంతంలో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చూపించాడు, తేలిక మత్తులోనే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చని. చెప్పిన పాఠం చెప్పినవాడికి ఎక్కదు.

షేరు పడడం మొదలెట్టాక మా బావమరిది వచ్చాడు. అచ్యుతాపురం వైపు మందుల ఫ్యాక్టరీలో పని. “ఏటి బావా, ఉప్పు లేకుండా ఏ ఇంట్లోనైనా కూర దిగుద్దా? మరి నౌపడలో ఉప్పు పండించేవోడు ఎంత గొప్పోడయ్యాడు?” అన్నాడు. నాకు కోపం వచ్చింది. వాడు ఆగలేదు. ప్రొపొఫాల్ 1986 నుంచి అమ్ముతున్న మందు, పేటెంటు ఎప్పుడో తీరింది, లైసెన్సూ శుభ్రమైన ఫ్యాక్టరీ ఉన్నవాడెవడైనా చేసుకోవచ్చు. పైగా అత్యవసర మందుల జాబితాలో ఉంది కాబట్టి 2013 నాటి ధరల ఉత్తర్వు ప్రకారం గరిష్ఠ ధర సర్కారే నిర్ణయిస్తుంది. అంటే మందు ఎంత తప్పనిసరైతే దాని మీద సర్కారు చెయ్యి అంత బరువు. నా సూత్రానికి సరిగ్గా తలకిందులు.

“అయినా నీ కంపెనీ రాబడిలో మత్తుమందుల వాటా ఎంత?” అన్నాడు. నాకు తెలీదు. వార్షిక నివేదిక తెరిచి చూపించాడు. పెద్ద రాబడి వేరేచోట నుంచి. మత్తుమందు ఒక మూల. పైగా కంపెనీ నెత్తిన అప్పు. బాంబే ఆక్సిజన్ వాళ్లని చూసి నవ్విన నోరు ఇంకేం మాట్లాడుతుంది?

పెద్ద పేర్లకీ ఆ రోజుల్లో దెబ్బ తగిలింది, అది నాకు ఓదార్పయింది, సిగ్గులేకుండా చెబుతున్నాను. మన హైదరాబాదు గ్లాండ్ ఫార్మా 2020 నవంబరులో 1,500కి షేర్లమ్మి, ఏడాది తిరక్కుండా 4,000 దాటింది. 2023 మేలో వెయ్యి దిగువకి వచ్చింది. దిగ్వాల్‌లో సెవోఫ్లూరేన్ చేసే పిరమల్ ఫార్మా 2022 అక్టోబరులో 200 దగ్గర మార్కెట్లోకి వచ్చి, ఆర్నెల్లలోపే వంద కిందికి జారింది. తర్వాత రెండూ పుంజుకున్నాయి. అప్పటికి నేను నా షేర్లలో సగం నష్టానికి అమ్మేసి ఉన్నాను.

అసలు మత్తుతో సొమ్ము చేసుకుందామన్న మొదటివాడి కథ ఆ తర్వాత చదివాను. బోస్టన్‌లో 1846 అక్టోబరు 16న ఈథర్‌తో మత్తిచ్చి చూపించిన మోర్టన్, అది ఈథరని తెలియకుండా రంగూ సువాసనా కలిపి, ‘లీథియాన్’ అని పేరు పెట్టి, పేటెంటు కూడా పుచ్చుకున్నాడు. డాక్టర్లు వాసన పట్టేశారు. ఈథర్ ఎవరికైనా దొరుకుతుంది, ఇతనికి డబ్బెందుకు? మిగతా జీవితమంతా పరిహారం కోసం తగువులాడి 1868లో చితికిపోయి పోయాడు.

మిగిలిన సగం షేర్లు ఎందుకు ఉంచావని మొన్న బావమరిది అడిగాడు. నాకు శుక్లాల ఆపరేషన్ రాశారు, నా వంతు గిరాకీ నేనిస్తానులే అన్నాను. “ఇప్పుడు చాలాచోట్ల దానికి సూది కూడా ఉండట్లేదు బావా, చుక్కలేస్తారంతే” అన్నాడు. ఈసారి టీ కొట్టుకి వెళ్లకుండా నివేదికే తెరిచాను. కంటి చుక్కలు నా కంపెనీ చెయ్యదు.