ఆర్యపల్లి నుంచి అంతఃపురానికి: యువరాజును వలచే విధానం

చేపలమ్మే అమ్మీ, ముందు యువరాజులు దొరికే చోటు తేల్చుకుందాం. మన ఆర్యపల్లి ఉన్న ఒడిశా గంజాం జిల్లాలో వాళ్ళకేం కరువు లేదు. ఖల్లికోట, ధరాకోట, చికిటి, సురంగి, కాస్త దూరం పోతే పర్లాకిమిడి. చిక్కల్లా ఒకటే. వీళ్ళంతా మద్రాసు ప్రెసిడెన్సీ కింద జమీందార్లు. 1951 నాటి ఒడిశా ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీలు పోయాయి. అసలు సిసలు సంస్థానాధీశుల భరణాలనూ బిరుదులనూ 1971లో 26వ రాజ్యాంగ సవరణ ఊడబెరికింది. కాబట్టి ఇప్పుడు నువ్వు సాక్షాత్తూ మహారాజు మనవడినే కట్టుకున్నా, చట్టం లెక్కలో ఒక మామూలు మనిషి ఇంకో మామూలు మనిషిని చేసుకున్నట్టే. గుండె దిటవు చేసుకుని ముందుకు చదువు.

నిజానికి రాజులు నీకు ఎప్పటినుంచో తెలుసు. జ్వరం ముదిరితే బరంపురం పెద్దాసుపత్రికి పోతావు కదా, ఆ ఎం.కె.సి.జి. అంటే మహారాజా కృష్ణచంద్ర గజపతి. ఊళ్ళో పిల్లలు సీటు కోసం ఆశపడే కాలేజీ ఖల్లికోట రాజావారి పేరిటిది. చిలికా ఒడ్డున రంభలో కంపెనీ దొర స్నాడ్‌గ్రాస్ కట్టించిన మేడ తర్వాత ఖల్లికోట రాజుల చేతికొచ్చింది, ఇప్పుడు హోటలైంది. అద్దె కడితే ఎవరైనా రాత్రికి రాజే, పొద్దున చెకౌట్.

బీద రాజైనా ఫర్వాలేదంటావా? కటక్ దగ్గర తిగిరియా రాజు బ్రజరాజ మహాపాత్ర కథ విను. పాతిక కార్లు, పులివేటలు, అంతా ఒక వెలుగు వెలిగాడు. 1960లో రాజభవనాన్ని 75 వేల రూపాయలకు సర్కారుకు అమ్మేశాడు. అందులో ఇప్పుడు ఆడపిల్లల హైస్కూలు నడుస్తోంది. ఆయన మాత్రం చివరి రోజుల్లో ఊరివాళ్ళు పెట్టింది తిని మట్టింట్లో బతికి 2015 నవంబరులో పోయాడు. ఏ కోణంలో చూసినా ఆ భవనానికి పట్టిన మంచి గతి ఆ హైస్కూలే.

ఇక గుర్తుపట్టే విద్య. తట్ట దించి, గోనెపట్టా తీసి, ఐసు ముక్కలు పక్కకు తోసి కోనాం చేపను పైకి పెట్టు. వచ్చినవాడు బొటనవేలితో మొప్ప ఎత్తి ఎరుపు చూసి, కన్ను చూసి, పొట్ట నొక్కి, నువ్వు చెప్పినదాంట్లో సగం ధర అడిగితే వాడు బరంపురం గృహస్థు, ఆశ వదులుకో. ఏమీ చూడకుండా అడిగినంతా ఇచ్చేసి, చేతికంటిన పొలుసును వింతగా చూసుకున్నాడనుకో, రాజవంశం కావచ్చు. లేదా గోపాలపూర్‌కు వచ్చిన భువనేశ్వర్ టూరిస్టు కావచ్చు. రెండోదే ఎక్కువ.

పేరు అడిగినా లాభం లేదు. డెన్మార్క్ యువరాజు ఫ్రెడరిక్ 2000 ఒలింపిక్స్‌కు సిడ్నీ వెళ్ళి, ఒక పబ్బులో మేరీ డొనాల్డ్‌సన్ అనే ఉద్యోగస్తురాలికి ‘ఫ్రెడ్’ అని చెప్పుకున్నాడు. నాలుగేళ్ళకు పెళ్ళి, 2024లో ఆమె రాణి. అంచేత ఇకమీదట ఫ్రెడ్ అన్నవాడి దగ్గర బాకీ పెట్టకు. మన ఊరి పక్కనే గోపాలపూర్ పోర్టు ఉంది కదా, ఓడలోంచి ఎవరైనా దిగకపోతారా అని చూస్తూ కూర్చోకు. అక్కడ దిగేవి బొగ్గూ ఖనిజమూను. ఈ తీరాన ఈమధ్య చేతులు మారిన రాజ్యం ఆ పోర్టు ఒక్కటే, 2024లో షాపూర్జీ పల్లోంజీ నుంచి అదానీకి.

ముహూర్తం విషయంలో తాబేళ్ళను చూసి నేర్చుకో. నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్య మొగ దగ్గర 20 కిలోమీటర్ల సముద్రంలో వేట నిషేధం. ఆలివ్ రిడ్లీలు జత కట్టి గుడ్లు పెట్టుకోవాలి కనక. మనవైపు సర్కారు నోటిఫికేషన్ ఇచ్చి, పడవలేసుకుని మరీ కాపలా కాసే ప్రేమ అదొక్కటే. నీ ప్రేమకు అంత బందోబస్తు ఉండదు.

సంబంధం ఖాయమయ్యే వేళ మీ అయ్యను ముందుకు తోయి. పడవ నడిపే పిల్లను రాజు వలిస్తే ఎలా బేరమాడాలో దాశరాజు ఎప్పుడో చూపించాడు. ఎదుట నిలబడ్డది శంతనుడైనా జంకలేదు. నా కూతురి కొడుక్కే సింహాసనం అన్నాడు, దేవవ్రతుడి చేత రాజ్యం వదిలించాడు, అదీ చాలక పెళ్ళే మానిపించాడు. అంతటి ఒప్పందం రాయించుకుంటే ఏమైంది? ఆ పిల్ల సత్యవతికి శంతనుడి వల్ల పుట్టిన కొడుకులిద్దరూ పిల్లల్లేకుండానే పోయారు. సింహాసనం గురించి అంత గట్టిగా మాట్లాడిన పెద్దమనిషి, పిల్ల పడవ తర్వాత ఎవరు నడపాలన్నది మాత్రం అడగలేదు.

అసలు అడగాల్సింది అదే. రాజ ప్రేమకథల్లో బట్టలూ నగలూ బండీ అన్నీ వర్ణిస్తారు, పెళ్ళయ్యాక పిల్ల ఉద్యోగం ఏమైందో చెప్పరు. మేరీ ఆస్ట్రేలియా, బ్రిటన్ పౌరసత్వాలు రెండూ వదిలేసింది, కొత్త భాష నేర్చుకుంది, లూథరన్ చర్చిలోకి మారింది. స్పెయిన్ లెతీసియా టీవీలో రాత్రి వార్తలు చదివేది. 2003లో యువరాజుతో నిశ్చితార్థం కబురు బయటపడింది, వార్తలు చదవడం ఆగింది, తనే వార్త అయి కూర్చుంది. జపాన్ మసాకో విదేశాంగ శాఖలో దౌత్యాధికారి. 1993లో యువరాజును చేసుకుని కొలువు వదిలింది. మగపిల్లాడు పుట్టలేదన్న సణుగుడు భరించింది. ఆమె మానసిక ఒత్తిడితో జబ్బుపడిందని 2004లో రాజప్రాసాదమే చెప్పాల్సొచ్చింది.

మనవాళ్ళలో వెతికితే హైదరాబాదు నిజాం వారసుడు ముకర్రం జా ఉండేవాడు. 1979లో బీబీసీలో పనిచేసిన హెలెన్ సిమన్స్‌ను చేసుకున్నాడు. ఆమె మతమూ పేరూ మార్చుకుని ఆయేషా అయింది. నిజాం గారికి ఆస్ట్రేలియాలో లక్షల ఎకరాల గొర్రెల మేత భూములు, బుల్డోజరు తోలడమంటే తగని మోజు. ఆయన అయిదు పెళ్ళిళ్ళలో ఆవిడది రెండోది. అంటే క్యూలో ముందున్నా పెద్ద గ్యారంటీ లేదు.

ఉద్యోగం నిలిచిన కథ కూడా ఒకటి ఉంది, చిత్రంగా అదీ జపాన్‌దే. మామూలు మనిషిని చేసుకున్న రాకుమారికి అక్కడి చట్టం ప్రకారం హోదా పోతుంది, రాకుమారుడికి పోదు. 2021లో మాకో రాకుమారి ఆ హోదానూ, ఆనవాయితీగా ఇచ్చే కోట్ల యెన్ల కానుకనూ వదులుకుని కాలేజీలో కలిసి చదివిన కెయ్ కొమురోను చేసుకుని న్యూయార్క్ వెళ్ళిపోయింది. అతను అక్కడ లాయరయ్యాడు. గడప దాటింది రాచబిడ్డ కనకే అవతలివాడి పని చెడలేదు. నువ్వు కాపీ కొట్టాల్సింది ఈ కథను.

కనక యువరాజు మరీ బతిమాలితే అతన్నే ఆర్యపల్లి రమ్మను. మన ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, చేపల వేలంలో రెండూ కలిపి తిట్లు అని ముందే చెప్పు. బరంపురం బస్సులో తట్ట ఎక్కిస్తుంటే కండక్టరుతో గొడవపడటం రావాలి. సాయంత్రం రొంటి సంచిలోంచి తడి నోట్లు తీసి నువ్వు లెక్కపెట్టేటప్పుడు పక్కన నోరు మూసుకుని కూర్చోవడం రావాలి. అన్నిటికన్నా కష్టం ఈ చివరిదే.

పెళ్ళికి బగ్గీ అక్కర్లేదు. ప్రత్యేక వివాహ చట్టం, 1954 ఉంది. ఇద్దరిలో ఒకరు 30 రోజులుగా జిల్లాలో ఉంటే చాలు. నోటీసు ఆఫీసులో అంటిస్తారు. 30 రోజుల్లో అభ్యంతరం ఏదీ రాకపోతే ముగ్గురు సాక్షులతో సంతకాలు. దరఖాస్తులో ‘వృత్తి’ అన్న గడి ఖాళీగా వదలకు. చేపల వ్యాపారం అని పూర్తిగా రాయి. అతని గడి అతను నింపుకుంటాడు, ఆ గడిలో ‘యువరాజు’ అని రాస్తే మాత్రం ఇంకో ఫారం తెచ్చివ్వు.