నూనె మీద నిలబడ్డ బరువు

పుట్టుక చెప్పాలంటే నేను గుగ్గిలం చెట్టును. ఒడిశా అడవుల్లో మొలిచాను. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం బుకానన్ ఊళ్లో క్లార్క్ కంపెనీ తన కర్మాగారం సామాను మోసుకోవడానికి 1917లో ట్రక్‌ట్రాక్టర్ అనే బండిని తయారుచేసుకున్నప్పుడు నేనింకా ఆకులు రాలుస్తూ చిగుళ్లు వేస్తూ ఉన్నాను. ఆ బండి మునిమనవలు ఒకనాడు నా వీపెక్కుతారని అప్పుడు నాకేం తెలుసు!

నరికారు, కోశారు, తారు పూసి రైలుపట్టాల కింద పరిచారు. బ్రాడ్‌గేజి చెక్క స్లీపరంటే 275 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 13 మందం. కాంక్రీటు స్లీపర్లు వచ్చాక మమ్మల్ని పీకి వేలం వేశారు. గాజువాక ఆటోనగర్‌లో ఫోర్క్‌లిఫ్టులు బాగుచేసే మేస్త్రి ఒకాయన కొని, పగుళ్లున్నవాటిని పక్కన పడేసి, మిగిలినవాటిని నాలుగేసి ముక్కలు కోయించాడు. అందులో ఒక ముక్కని నేను. ఇక్కడ నా పేరు దిమ్మె. పట్టాల కింద ఉన్నప్పుడు బరువు వచ్చేది, పోయేది. ఇక్కడ వచ్చి కూర్చుంటుంది.

అదెంత బరువో ముందు చెప్పాలి. మూడు టన్నులు ఎత్తే బండి ఖాళీగానే నాలుగు టన్నుల పైచిలుకు తూగుతుంది. చూడ్డానికి పొట్టిగా, కుదురుగా, ఎటూ కదలదన్నట్టు కనిపిస్తుంది. నిజానికి అదొక ఏతం. ముందు ఇరుసు మీద ఆనుకుని ఒక కొసన సరుకు, రెండో కొసన పోతపోసిన ఇనప బరువు. వెనక బరువు విప్పితే ముందుకు ఒరుగుతుంది, ముందున్న ఎత్తే చట్రం, అదే మాస్టు, విప్పితే వెనక్కి తూలుతుంది. బాగుచేయడమంటేనే ఏదో ఒకటి విప్పడం కదా! అంటే మా షెడ్డుకు వచ్చిన ప్రతి పెద్ద పనిలోనూ బండి తన తూకం తప్పే గడియ ఒకటుంటుంది. ఆ గడియలో దాన్ని ఆపాల్సింది నేనూ నా అన్నదమ్ములూ.

ఎత్తడం మా పని కాదు. ఎత్తేది నూనె. పంపు నూనెను నెడితే సిలిండరు లేస్తుంది, సిలిండరు లేస్తే గొలుసు ఫోర్కులుండే క్యారేజీని లాగుతుంది. సిలిండరు అడుగు లేస్తే క్యారేజీ రెండడుగులు లేస్తుంది. దిగేటప్పుడూ అదే లెక్క. ఇంజను ఆపేశాం కదా అని ధీమాగా కిందకు దూరే కుర్రాళ్లకు మేస్త్రి చెప్పే మొదటి పాఠం ఇక్కడే ఉంది. ఇంజను ఆపితే ఎత్తడం ఆగుతుంది గాని దించడం ఆగదు. దానికి ఇంజను అక్కర్లేదు, బరువే చాలు. పాత బండ్లలో తాళంచెవి జేబులో వేసుకున్నా సరే, ఎవరి మోచెయ్యో లివరుకు తగిలితే మాస్టు జర్రున దిగిపోతుంది. కొత్తవాటిలో సీటులో మనిషి లేకపోతే లివర్లు పనిచేయకుండా కట్టడి ఉంటుంది. అయితే, ఆ కట్టడి చెడిపోయే బండి షెడ్డుకు వచ్చిందేమో ఎవరు చూశారు?

"ఏట్రా, బుర్ర లోపలికెట్టేస్తన్నావ్? దిమ్మెట్టావా?"

"రెండు నిమిషాల పనే మేస్త్రిగారూ. సీలు కారుతోందేమో చూసి వచ్చేస్తాను."

"అది పడ్డానికి రెండు నిమిషాలు పట్టదురా నాయనా. బేగి బయటికి రా."

ఈ మాటలు నేను ఎన్ని రకాల గొంతుల్లో విన్నానో! కుర్రాళ్లు మారతారు, రెండు నిమిషాలు మాత్రం మారవు. తెలియక ఎవరూ తల పెట్టరు. పని చిన్నదని పెడతారు. పెద్ద ఓవర్‌హాల్ రోజున అందరూ బుద్ధిగానే ఉంటారు.

నన్ను పెట్టే పద్ధతి ఇది. మాస్టును లేపి, బయటి మాస్టు అడ్డపట్టీకీ లోపలి మాస్టు అడ్డపట్టీకీ మధ్య నన్ను దూర్చి, మెల్లిగా దించుతారు. బరువు నా మీద ఆనిందని చేత్తో తట్టి చూసుకుంటారు. ఆ తర్వాత క్యారేజీని వేరే గొలుసుతో మాస్టుకు కడతారు, ఎందుకంటే నేను ఆపగలిగేది లోపలి మాస్టునే. గొలుసు విప్పే పనుంటే క్యారేజీ నా మాట వినదు.

ముందు చక్రాలు లేపే పనిలో అసలు గమ్మత్తు ఉంది. వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టి, మాస్టును వెనక్కి వంచి, బయటి మాస్టు రెండు కాళ్ల కింద మమ్మల్ని చెరొకరిని పెడతారు. మాస్టును మళ్లీ నిటారుకు తెస్తే బండి తన్ను తానే ఎత్తుకుని ముందు చక్రాలు నేల విడుస్తాయి. జాకీ అక్కర్లేదు. చూసినవాళ్లు భలే అంటారు. చాలా షెడ్లలో అక్కడితో ఆగిపోయి చక్రం నట్లు విప్పడం మొదలుపెడతారు కూడా. కింద దిమ్మెలున్నాయి కదా, ఇంకేం భయం అని. కానీ అప్పుడు బండి నిలబడింది మా మీద కాదు, టిల్ట్ సిలిండర్లలో ఉన్న నూనె మీద. ఒక సీలు జారినా, ఒక హోసు పైపు చిట్లినా మాస్టు వెనక్కి వాలుతుంది, బండి దిగుతుంది. మేము మాత్రం పెట్టినచోటే అమాయకంగా ఉంటాం. ఛాసిస్ కింద అటొకటి ఇటొకటి రెండో జత పెట్టి, దాని మీదకు బరువు దించాకే బండి నిజంగా చెక్క మీదకు వచ్చినట్టు. దిమ్మె ఉండటం వేరు, దిమ్మె మీద బరువు ఉండటం వేరు.

అదే టిల్ట్ సిలిండరు పిన్ను కొట్టాలంటే ముందు మాస్టును పైనుంచి చైన్ పుల్లీకి వేలాడదీయాలి. లేకపోతే పిన్ను ఊడిన మరుక్షణం అంత ఇనుమూ ముందుకు కూలుతుంది. ఆ పుల్లీని, దాని గొలుసులను ఏడాదికి ఒకసారైనా అర్హత ఉన్నవారు క్షుణ్ణంగా పరీక్షించాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షను చెప్పేది. మా షెడ్డు ఫ్యాక్టరీ కిందకు వస్తుందా రాదా అని ఆడిటరుగారు మేస్త్రితో చాలాసేపు వాదించారు. మేస్త్రి అదంతా విని, గొలుసుకు ఫ్యాక్టరీ అయితే ఒకలాగ, షెడ్డయితే ఒకలాగ తెగడం తెలియదని చెప్పి పరీక్ష చేయించేశాడు.

నా ఒంటికి పట్టాల కాలం నాటి చిల్లు ఒకటి ఉంది. అందులో మేస్త్రి ఒక మేకు దిగ్గొట్టాడు. బండి కింద నన్ను పెట్టగానే ఆ బండి తాళంచెవి ఆ మేకుకు తగిలిస్తారు. బండి తీయాలనుకున్నవాడు చెవి కోసం నా దగ్గరకు వచ్చి వంగాలి, వంగితే కింద మనిషి కాళ్లు కనిపిస్తాయి. చాలాకాలం ఇదే మా షెడ్డు రాజ్యాంగం. దీనికి గండి కొట్టింది కంచరపాలెం ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివి అప్రెంటిస్‌గా వచ్చిన అమ్మాయి. రెండోవారమో ఏమో, ఒక బండి చెవి తీసి పక్క బండికి పెట్టి తిప్పింది. స్టార్టయింది! ఒకే కంపెనీ బండ్లు చాలావాటికి ఒకే చెవి పడుతుంది. డ్రైవర్లందరికీ తెలిసిన సంగతే, మేస్త్రికీ తెలుసు, కానీ మేకును అంతవరకూ ఎవరూ ప్రశ్నించలేదు. ఆ రోజు నుంచి చెవి మేకుకే ఉన్నా, బ్యాటరీ నెగటివ్ వైరు కూడా ఊడదీస్తున్నారు. కరెంటు బండ్లయితే పెద్ద ప్లగ్గు పీకి, దానికి తాళంకప్ప వేసి, ఎవరు కింద ఉన్నారో వారి పేరు రాసిన అట్ట కడుతున్నారు. ఆ కప్ప తాళంచెవి, బండి కింద ఉన్న మనిషి జేబులోనే ఉండాలి. మేస్త్రి అడిగినా ఇవ్వకూడదు. ప్లగ్గు పీకినా కంట్రోలరు లోపలి కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుందని, అది దిగిందని మీటరు పెట్టి చూసుకున్నాకే చెయ్యి వేయాలని ఆ అమ్మాయే అందరికీ చెప్పింది.

నా పక్కన సన్నగా ఒక చెక్కు లేచిపోయి ఉంటుంది. చెదలు కాదు, మేస్త్రి ఉలితో చీల్చిన పుల్ల ఆనవాలు. హోసు ఎక్కడ కారుతోందో వెతకాలంటే చేత్తో తడమకూడదు, ఆ పుల్లను గాని అట్టముక్కను గాని పైపు వెంబడి జరపాలి. మామూలు ఫోర్క్‌లిఫ్టులో నూనె ఒత్తిడి 150 బార్లు దాటుతుంది. సూదిమొనంత చిల్లులోంచి వచ్చే ఆ ధార కంటికి సరిగా కనపడదు, చర్మాన్ని మాత్రం చీల్చుకుని లోపలికి పోతుంది. వేరే చోట పనిచేసేటప్పుడు మా హెల్పరు ఒకడికి అలాగే అయింది. వేలి మీద చీమ కుట్టినంత చుక్క. నొప్పి లేదు, నెత్తురు లేదు. గుడ్డతో తుడుచుకుని పనిలో పడ్డాడు. రాత్రికి చెయ్యి ఉబ్బిపోయింది. ఇప్పుడు వాడి చూపుడువేలు రెండు కణుపులే. ఇలాంటిది జరిగితే చుక్క ఎంత చిన్నదైనా ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పోవాలి, గాయమైందని కాదు, నూనె లోపలికి వెళ్లిందని డాక్టరుకు చెప్పాలి. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా మేస్త్రి వాడి వేలు చూపించమంటాడు. వాడికి అది ఇష్టం ఉండదు, అయినా చూపిస్తాడు.

టైర్ల సంగతి ఒక్కటి చెప్పి ముందుకు పోతాను. గాలి టైర్ల ఫోర్క్‌లిఫ్టు రిమ్ము చాలావరకు రెండు ముక్కలు. రెండు ముక్కలనూ కలిపి పట్టే బోల్టులు ఒక వరస, చక్రాన్ని హబ్బుకు బిగించే నట్లు ఇంకో వరస. టైరులో గాలి 100 పౌన్ల పైనే ఉంటుంది. గాలి ఉండగా ఒక వరస బదులు ఇంకో వరస విప్పితే రిమ్ము రెండుగా విడిపోయి ఎగురుతుంది. పక్క షెడ్డు పైకప్పు రేకుకు ఇప్పటికీ ఆ చిల్లు ఉంది. విప్పినవాడు ఎదురుగా కాక పక్కకు కూర్చున్నాడు కాబట్టి ఆ రోజు రేకుతో పోయింది. మా దగ్గర పానా పట్టుకునేముందే వాల్వు పిన్ను పీకేస్తారు, బుస్సుమనే చప్పుడు పూర్తిగా ఆగాకే నట్ల మీద చెయ్యి. తిరిగి గాలి కొట్టేది ఇనప బోనులో పెట్టి, పొడవాటి పైపుతో, దూరంగా నిలబడి.

నా ఒంటి మీది యాసిడ్ మచ్చ గురించి అడుగుతారేమో! 48 వోల్టుల బ్యాటరీ అంటే 24 సెల్లులు, దాని బరువు టన్ను దాకా ఉంటుంది, బండికి అదే సగం తూకం. దాన్ని దించినప్పుడు నేల తగలకుండా కింద మమ్మల్ని పరుస్తారు. చార్జింగు అయ్యాక పోయాల్సిన డిస్టిల్డ్ వాటరును ఎవరో చార్జింగుకు ముందే నిండుగా పోశారు, పొంగి నా మీద పడింది. చార్జింగులో బయటికొచ్చే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది కనుక ఆ మూల కిటికీలు ఎప్పుడూ మూయరు, బీడీ రాయుళ్లను రానివ్వరు. బ్యాటరీ దగ్గరకు వెళ్లేముందు మేస్త్రి తన రాగి ఉంగరం తీసి డబ్బాలో పెడతాడు. ఆయన జాతకం కోసం పెట్టుకున్న ఉంగరం అది. వేలికి ఉంగరం, చేతిలో పానా ఉంటే రెండు టెర్మినళ్ల మధ్య జాతకం మారిపోతుందని ఆయనకు తెలుసు.

గొలుసులకు, ఫోర్కులకు స్కేలు చాలు. కొత్తలో 300 మిల్లీమీటర్లున్న గొలుసు ముక్క 309కి సాగితే ఇక అది పనికిరాదు, మారిస్తే రెండు పక్కలా మార్చాలి. ఫోర్కు మడమ దగ్గర మందం పదో వంతు అరిగితే దాని శక్తిలో ఐదో వంతు పోయినట్టే. యజమానులు అక్కడ వెల్డింగు పెట్టమంటారు. మేస్త్రి పెట్టడు.

ఇంత చేసినా షెడ్డులో అన్నిటికన్నా చవక సామాను నేనే. అందుకే అవసరానికి కనపడకుండా పోయేదీ నేనే. తలుపుకు అడ్డం పెడతారు, నా మీద టిఫిను డబ్బా పెడతారు, బండి తెచ్చిన యజమానులు నా మీద కూర్చుని ఫోన్లు మాట్లాడతారు. వాటన్నిటికన్నా నాకు హాని చేసేది కారిన నూనె. నూనె తాగిన దిమ్మె ఇనుము కింద జారుతుంది. అందుకే నెలకోసారి మమ్మల్ని రంపపు పొట్టుతో రుద్దుతారు, సుత్తితో తట్టి చూస్తారు. కణకణమంటే ఉంచుతారు, బొదబొదమంటే టీ కొట్టు పొయ్యిలోకి పంపిస్తారు. నా అన్నదమ్ముల్లో కొందరు అలాగే టీ అయిపోయారు. ఈ మధ్య ఇనప స్టాండ్లు కూడా వచ్చాయి, వాటి ఒంటి మీద ఎన్ని టన్నులో అచ్చేసి ఉంటుంది. వాటిని చూసి నాకు ఈర్ష్య లేదు. ఛాసిస్ కింద అవే మేలు. కానీ మాస్టు సందులోకి వాటి నడుము దూరదు.

మొన్న రొయ్యల కోల్డ్ స్టోరేజీ నుంచి ఒక బండి వచ్చింది. మాస్టు ఎత్తి ఉంచితే దానంతటది మెల్లిగా దిగిపోతోంది. వెనకే యజమాని కారులో వచ్చాడు.

"మేస్త్రిగారూ, కంటైనరు నిలబడి ఉందండీ. సీలు మార్చడానికి ఎంతసేపు? గంట చాలు కదా."

"సీలు మార్చడం గంటేనండి. సర్దుకోడానికి ఇంకో అరగంట."

"ఆ సర్దుకోవడమేదో పక్కన పెట్టి..."

మేస్త్రి ఆయన వంక చూడకుండానే అమ్మాయికి సైగ చేశాడు. ఆమె నన్ను తీసుకుని మాస్టు సందులో పెట్టింది, బరువు దించింది, తట్టింది, క్యారేజీకి గొలుసు కట్టింది, చెవి మేకుకు తగిలించింది. యజమాని వాచీ చూసుకున్నాడు, అటూ ఇటూ నడిచాడు. చివరికి చుట్టూ వెతికాడు.

"పోయినసారి వచ్చినప్పుడు ఇక్కడ కూర్చోడానికి చెక్కదేదో ఉండేదే?"

"ఉందండి. మీ బండి కింద ఉంది. పనయ్యాక కూర్చుందురు గాని."

ఆయన టీ కొట్టు వైపు వెళ్లిపోయాడు.